సగటు లెక్కలో మా బోరు కనపడదు
తలసరి ఏడాదికి 1700 ఘనపు మీటర్ల కంటే తక్కువ నీళ్లుంటే ఆ నదీ పరీవాహక ప్రాంతం నీటి ఎద్దడిలో ఉన్నట్టని, నదుల నీటి లెక్కల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. స్వీడన్ నీటి శాస్త్రవేత్త ఫాల్కెన్‌మార్క్ గీసిన ఆ గీత దేశాలను పోల్చడానికి పనికొస్తుందేమో గానీ, మా పెన్నా నదికి చాలదు. మా అనంతపురంలో ఏడాదంతా పడేదే 550 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ నాలుగు గట్టి వానల్లో అయిపోతుంది. ఏట్లో ఇసుక తప్ప నీళ్లు కనపడని ఏళ్లు ఎన్నో చూశాం. బతికించేది బోర్లే. మా చీనీ (బత్తాయి) తోటలో మొదటి బోరుకు 180 అడుగుల్లోనే నీళ్లు పడ్డాయి, ఇప్పుడు నడుస్తున్నది 700 దాటింది, మధ్యలో ఎండిపోయినవి మూడు (అప్పు మాత్రం ఎండలేదు). ఆ లోతు తలసరి సగటులో ఎక్కడుంది? పైగా హంద్రీ-నీవా పథకంతో శ్రీశైలం నుంచి ఎత్తిపోసే కృష్ణా నీళ్లను ఏ నది ఖాతాలో రాస్తారు? వచ్చే నీళ్లలో ఎంత తోడేస్తున్నామో నెలవారీగా, మండలాలవారీగా చూపిస్తే మా ఏప్రిల్, మే నెలల సంగతి బయటపడుతుంది.