పదకొండు నెలల పంట

ఇల్లు అద్దెకు తీసుకున్న ఒక లెక్చరరుకూ, ఆ ఇల్లు కుదిర్చిన మధ్యవర్తికీ కమీషన్ మీద జరిగిన ఈ వాదంలో నా మొగ్గు అద్దెదారు వైపేనని మొదటే చెప్పేస్తున్నాను. ఆయన పడిన ఇబ్బందిలో కొంత నేనూ పడ్డవాణ్ణే. అయినా అవతలి మనిషి అన్న మాటల్లో నాకు జవాబు దొరకనివి కూడా ఉన్నాయి కాబట్టి వాటిని కత్తిరించకుండా రాస్తున్నాను.

ఒంగోలు నుంచి నెల్లూరుకు బదిలీ అయిన ఒక లెక్చరర్ వేదాయపాళెంలో నెలకు 12,000 రూపాయల అద్దెకు ఒక వాటా ఒప్పుకున్నారు. ఇంటి ఓనరు అమెరికాలో ఉంటారు. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఓనరు ఖాతాలో వేశాక, తాళాలు ఇవ్వవలసిన పూట మధ్యవర్తి ఒక కాగితం చేతిలో పెట్టారు. కమీషన్ ఒక నెల అద్దె, అగ్రిమెంటు రాయించినందుకు 1,500, పదకొండు నెలలు నిండి అగ్రిమెంటు తిరగరాసిన ప్రతిసారీ సగం నెల అద్దె అని అందులో ఉంది. మాట మెట్ల మీదే మొదలైంది.

అద్దెదారు: పెద్దాయనా, ఈ కాగితంలో ఉన్న అంకెల కంటే ఇది నా చేతికి వచ్చిన వేళ నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పది రోజులు మీ బండి వెనక కూర్చుని మాగుంట లేఔట్, బాలాజీ నగర్, దర్గామిట్ట అన్నీ తిరిగాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ‘అదేముంది సార్, తర్వాత చూసుకుందాం’ అన్నారు. ఇప్పుడు సామాను ఒంగోలులో లారీకి ఎక్కింది, అడ్వాన్సు సముద్రం దాటింది. కాదనడానికి నాకు దారి లేని పూట చూసి మీరు ధర చెప్పారు.

మధ్యవర్తి: నెల అద్దె కమీషన్ అన్నది ఈ ఊళ్లో కొత్త మాట కాదు సార్. ఒంగోలులో మాత్రం లేదా?

అద్దెదారు: ఉండవచ్చు. అందరికీ తెలిసిన మాటే అయితే నేను అడిగినప్పుడు చెప్పడానికి అడ్డేమిటి?

మధ్యవర్తి: అడ్డేమిటో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా వినండి. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి రోజే నోరు తెరిచి నెల అద్దె అంటే వచ్చినాయన తల ఊపుతాడు, ఇల్లు చూస్తాడు, వాచ్‌మన్ చేతిలో యాభై రూపాయలు పెట్టి ఓనరు నంబరు తీసుకుంటాడు, ‘మా ఆవిడకు నచ్చలేదండీ’ అని నాకు ఫోన్ చేస్తాడు. నెల తిరిగాక అదే ఇంటి బాల్కనీలో ఆయన లుంగీ ఆరుతూ ఉంటుంది. ఇలాంటివాళ్లలో మేస్టార్లున్నారు, ప్లీడర్లున్నారు, రోజూ గుడికి వెళ్లేవాళ్లున్నారు. మీకు తొమ్మిది ఇళ్లు చూపించాను. తొమ్మిదో ఇల్లు నచ్చకపోయి ఉంటే ఆ పది రోజుల పెట్రోలు, ఎండ, ఫోన్లు ఎవరి ఖాతాలో రాసుకోవాలి? కుదిరిన ఒక్క ఇంటి మీదే కుదరని ఎనిమిది ఇళ్ల కూలి కూడా రాబట్టుకోవాలి. ఓనర్లు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. మోటారు కాలిపోతే, పై వాటా నీళ్లు కింద వాటాలోకి దిగితే పరుగెత్తేది నేను. దానికి నాకు జీతం లేదు, పింఛను లేదు.

అద్దెదారు: మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. వెనక నుంచి ఓనరును పట్టుకునేవాళ్లు మోసగాళ్లేనని ఒప్పుకుంటాను. కానీ వాళ్లు ఎగ్గొట్టిన కూలిని మాట తప్పని నా దగ్గర వసూలు చేయడం ఏ న్యాయం?

మధ్యవర్తి: న్యాయం మాట ఎందుకు సార్, సంత మాట చెప్పండి. మీ ఒంగోలు వైపు పశువుల సంతలో దళారి తుండు కింద వేళ్లు పట్టుకుని బేరం చేయడా? పక్కన నిలబడ్డవాడికి ధర తెలుస్తుందా?

అద్దెదారు: పక్కవాడికి తెలియదు. వేళ్లు పట్టుకున్న ఇద్దరికీ తెలుస్తుంది! ఆ తుండు చూసేవాళ్ల కళ్లకు అడ్డమే గాని కొనేవాడి కళ్లకు కాదు.

మధ్యవర్తి: కొనేవాడికి ఎద్దు ధర తెలుస్తుంది. అమ్మినవాడు దళారికి విడిగా ఏమిచ్చాడో తెలుస్తుందా? ఒంగోలు గిత్తకు పళ్లు చూస్తారు, సుడులు చూస్తారు, దళారి జేబు ఎవరూ చూడరు.

అద్దెదారు: మా తాతకు ఆ సంతలన్నీ తెలుసు. దళారి కూలి ఎంతో ముందే అనుకునేవారని ఆయన చెప్పగా విన్నాను.

మధ్యవర్తి: మా నాయన కూడా సంతలకు తిరిగినవాడే. కోడెదూడను తోలుకొచ్చి, సగం దారిలో దళారి ఎదురొచ్చి ఇంకో రూపాయి అడిగితే ఇచ్చి వచ్చిన రోజులు నాకు తెలుసు.

(ఈ గిత్తల తగువు ఇంకా కొంతసేపు సాగింది. ఎవరి తాత మాట నిజమో మెట్ల మీద తేలేది కాదు. తిరిగి ఇంటి సంగతికి తెచ్చింది లెక్చరరే.)

అద్దెదారు: సరే, మీరే తెచ్చిన మాటను పట్టుకుంటాను. ఓనరు దగ్గర కూడా మీరు కమీషన్ తీసుకుంటున్నారు కదా?

మధ్యవర్తి: రెండు వైపులా తీసుకోవడం వాడుకే సార్.

అద్దెదారు: అయితే మీరు ఎవరి మనిషి? 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 182వ సెక్షన్ ఏజెంటు అంటే ఎవరో చెబుతుంది. ఇంకొకరి తరఫున పని చేయడానికి, లేదా బయటివాళ్లతో వ్యవహారంలో ఆ మనిషికి బదులుగా నిలబడడానికి నియమించుకున్నవాడు ఏజెంటు. అద్దె 11,000కు తగ్గించమని మిమ్మల్ని అడిగితే ‘ఓనరు ఒప్పుకోరు’ అన్నారు. ఆయనను అడిగే ఆ మాట చెప్పారా, అద్దె తగ్గితే మీ కమీషన్ కూడా తగ్గుతుందని చెప్పారా? నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా మీరు ఉంచలేదు. ఇళ్ల దళారులకు లెక్క చెప్పే చోటు కూడా పెద్దగా లేదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంట్లను రిజిస్టరు చేసుకోమన్నది అమ్మకాలు, కొనుగోళ్ల కోసమే. అద్దె ఇళ్లు చూపించేవారి జోలికి అది రాలేదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, కాపురానికిచ్చే ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నది గాని మీ కమీషన్‌కు హద్దు గీయలేదు. ఇక ఆ పదకొండు నెలల సంగతి చూడండి. ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతో, ఆ ఖర్చు తప్పుతుందని అందరూ పదకొండు నెలలకే రాసుకుంటున్నారు. ఓనరుకు అది సౌకర్యం, నాకూ కొంత సౌకర్యమే, మీకు మాత్రం పదకొండు నెలలకొకసారి కోతకొచ్చే పంట. ఇల్లు అదే, ఓనరు ఆయనే, కాపురం ఉండేది నేనే. మీరు కొత్తగా చూపించేది ఏమీ ఉండదు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద తేదీ మారుతుందంతే. దానికి 6,000 ఎందుకు?

మధ్యవర్తి: ఆ సగం నెల మాట వదిలేస్తాను. అది నాకే కొంచెం ఎక్కువనిపించింది. మిగతాది వదలను.

అద్దెదారు: మా తమ్ముడి కొడుకు ఇంగ్లండులో చదువుతున్నాడు. అక్కడ కూడా ఏజెంట్లు వాకబు చేసినందుకు ఇంత, సామాను జాబితా రాసినందుకు ఇంత, అగ్రిమెంటు తిరగరాసినందుకు ఇంత అని వసూలు చేసేవారట. 2019 జూన్ 1 నుంచి అద్దెదారు దగ్గర అలాంటివి తీసుకోకూడదని చట్టం వచ్చింది. ఇల్లు పట్టి ఉంచడానికి కట్టే సొమ్ము వారం అద్దెకు మించకూడదు, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే అడ్వాన్సు అయిదు వారాల అద్దెకు మించకూడదు. ఏజెంటు కూలి ఏజెంటును పెట్టుకున్న ఓనరే ఇచ్చుకోవాలి.

మధ్యవర్తి: ఆ అబ్బాయి అద్దె ఎన్ని నెలలది ముందు కట్టాడు?

అద్దెదారు: ... ఆరు నెలలది. అక్కడ హామీ ఉండేవాళ్లు లేరని కట్టమన్నారు.

మధ్యవర్తి: చూశారా! ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులోంచి వచ్చింది. నా కమీషన్ ఓనరే ఇవ్వాలని రేపు ఇక్కడ చట్టం వచ్చినా ఆయన ఊరుకుంటాడా? అద్దె 12,000 కాస్తా 13,000 అవుతుంది. ఒక్కసారి నాకు ఇచ్చి పోయేది నెలనెలా ఆయనకు ఇస్తారు.

అద్దెదారు: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అద్దె పెరగవచ్చు. కానీ పెరిగిన అద్దె టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసిన రోజే తెలుస్తుంది. పక్క వీధి ఇంటితో పోల్చుకుని, కాదనుకుంటే కాదనుకోవచ్చు. లారీ కదిలాక తెలిసే 12,000కూ, లారీ మాట్లాడకముందు తెలిసే 13,000కూ నా లెక్కలో చాలా తేడా ఉంది. ఎనిమిది ఇళ్ల కూలి పోతుందని మీరు అన్నారు. అయితే ఇల్లు చూపించినందుకు ఇంటికి రెండు వందలని మొదటి రోజే చెప్పి తీసుకోండి, నేను సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

మధ్యవర్తి: ఎవరూ ఇవ్వరు సార్. మీరు కూడా ఇచ్చేవారు కాదు. ఇప్పుడు అంటున్నారు గాని, మొదటి రోజు అడిగి ఉంటే రైల్వే గేటు దగ్గరే నా బండి దిగిపోయేవారు.

అద్దెదారు: (కొంచెం ఆగి) కావచ్చు. అయితే ఇలా చేద్దాం. అగ్రిమెంటు ఖర్చు ఇస్తాను. కమీషన్ సగం ఇప్పుడు, సగం నెలాఖరుకు. రెన్యువల్‌కు ఏమీ ఉండదు. ఇదంతా తెల్లకాగితం మీద రాసి, ఎవరి తరఫున తీసుకున్నారో కూడా అందులో వేసి సంతకం పెట్టండి.

మధ్యవర్తి: రసీదు ఇవ్వడం నాకు అలవాటు లేదు, అయినా మీ కోసం రాస్తాను. 6,000 అందింది, మిగతా 6,000 నెలాఖరుకు, రెన్యువల్‌కు ఏమీ లేదు. సరేనా? ‘ఎవరి తరఫున’ అన్న చోటు మాత్రం ఇప్పటికి ఖాళీగా ఉండనివ్వండి సార్, అమెరికాలో తెల్లవారాక ఓనరు గారిని ఒక మాట అడిగి నింపుతాను.