నా కత్తికి మా అమ్మ పూచీ

కత్తి మీద మోజు నాకు భద్రకాళి బండ్ మీద పుట్టింది. పొద్దున నడకకు వచ్చే మా బృందంలో ఒక రిటైర్డ్ లెక్చరర్ సారు ఉన్నారు. నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని అందరం జాంపండ్లు కొరుక్కు తింటాం. ఒకరోజు సారు మాత్రం కొరకలేదు. జేబులోంచి ఎర్రటి చిన్న వస్తువు తీసి, గోటితో అంచు పట్టి లాగారు. టిక్కుమని కత్తి బయటికొచ్చింది. పండును నాలుగు చెక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, తలా ఒకటి ఇచ్చి, కత్తిని చేతిరుమాలుతో తుడిచి, మళ్లీ టిక్కుమనిపించి జేబులో వేసుకున్నారు. గడ్డం మీద జాంపండు రసం కారుతూ కూర్చున్న నేను నాకే మోటుగా కనిపించాను.

కొడుకు స్విట్జర్లాండ్ నుంచి తెచ్చాడట. ఇక క్లాసు మొదలైంది. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో అక్కడ కత్తుల పని పెట్టాడు. 1891లో సిపాయిలకు మడత కత్తి సరఫరా చేశాడు, 1897లో ఆఫీసర్ల మోడల్ తెచ్చాడు. సిపాయి కత్తికి డబ్బా మూత కోసే పరికరం ఉంటే, ఆఫీసరు కత్తికి సీసా బిరడా లాగే మెలికల పుల్ల అదనంగా వచ్చింది. ఆఫీసర్లంటే ఏ దేశంలోనైనా అంతే కాబోలు. మా సారు మాత్రం మందు ముట్టరు. ఆ మెలికల పుల్లతో చింతపండులోంచి గింజలు తీస్తారు.

ఆదివారం వరంగల్ చౌరస్తా దగ్గర ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లాను. నా ముందున్న పెద్దాయన రెండు కొడవళ్లు, ఒక గొడ్డలి, బోండాలు కొట్టే మూరెడు కత్తి బేరం చేస్తున్నాడు. కత్తి అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి, "ఇంకొంచెం వాడి ఉండాలె" అంటున్నాడు. సేటు ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నీ పాత పేపరులో చుట్టి, సుతిలి తాడు కట్టి సాగనంపాడు.

నా వంతు వచ్చింది. "జేబులో పెట్టుకునే కత్తి కావాలి" అన్నాను.

తక్కెడలో మేకులు పోస్తున్న పోరడు పోయడం ఆపేశాడు.

"జేబుల పెట్టుకునేదా?" అన్నాడు సేటు.

"అవును. చిన్నది. మడత కత్తి."

"ఎందుకు సార్?"

"జాంపండు కోసుకోడానికి."

సేటు నా మొహం చూశాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు చూశాడు, మళ్లీ మొహం చూశాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. పోరణ్ని చాయ్‌కి పంపాడు. "ఇంట్ల అంతా మంచిగనేనా సార్?" అన్నాడు మెల్లగా. మంచిగానే ఉందన్నాను. "అన్నదమ్ములన్నంక భూమి పంచాయితీలు ఉంటయి. నలుగురిల కూసోని మాట్లాడుకోవాలె. నా మాట ఇని జర ఓపిక పట్టుండ్రి."

చాయ్ బాగుంది. కత్తి మాత్రం లేదన్నాడు. నలభై రూపాయలు పెట్టి సొరకాయ చెక్కు తీసే పీలరు కొనుక్కుని బయటపడ్డాను. మూరెడు కత్తి చేతిలో పట్టుకుంటే రైతు, మూడు వేళ్ల కత్తి జేబులో పెట్టుకుంటే రౌడీ. ఈ లెక్క ఎవరు రాశారో నాకు తెలియదు.

ప్రభుత్వ ఆఫీసు మనిషిని కనుక రూలు తీసి చూశాను. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం కత్తి అలుగు, అంటే కోసే రేకు, 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని అక్కడ కూడా వదిలేశారు. నాకు కావలసింది రెండున్నర అంగుళాలది. ఆ లెక్కన మా వంటింటి కత్తిపీట ముందు నా కత్తి పసిపాప.

పసిపాప అన్న మాట ఊరికే అనలేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఆన్‌లైన్లో అయితే ఎందుకని అడిగేవాడు ఉండడు. ఫోన్లో ఎర్ర కత్తి దొరికింది. కొనబోతే, ఇది 18 ఏళ్లు నిండినవారికే, పుట్టిన తేదీ ఇవ్వండి అని వచ్చింది. న్యాయమే అనుకున్నాను. మైనరుతో ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం నుంచీ ఉన్న మాటే కదా. తేదీకి, నెలకు, సంవత్సరానికి మూడు చక్రాలు ఇచ్చారు. మొదటి రెండూ సులువుగా తిరిగాయి. మూడోది ఈ ఏడాది దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచి 1968 దాకా బొటనవేలితో తోడాలి, చేదబావిలో నీళ్లు తోడినట్టు. ఒక్కో తోపుకు నాలుగైదేళ్లు కదులుతోంది. రాష్ట్రం వచ్చిన 2014 దాటాను. 2011 దగ్గర ఊపిరి తీసుకుంటుండగా మా సెక్షన్ నుంచి ఫోను వచ్చింది. తెర మీద ఆకుపచ్చవి రెండు కనిపిస్తే ఒకటి నొక్కాను. ఫోను కట్ అయింది. తేదీ నమోదైంది.

నాకు పద్నాలుగేళ్లు వచ్చాయి.

కత్తి తెర మీంచి మాయమైంది. దాని బదులు మీకు ఇవి నచ్చవచ్చు అంటూ మొన లేని కత్తెర, రంగుల మట్టి, బొమ్మల కంపాస్ బాక్సు చూపించారు. తేదీ మారుద్దామంటే ఆ గుండీ నొక్కుడు పడటం లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కోసం ఒక అంకె, ఖాతా సమస్యకు ఒక అంకె, ఆ తర్వాత పదకొండు నిమిషాల సంగీతం. చివరికి ఒక అమ్మాయి పలికింది. మర్యాదకు వంక పెట్టడానికి లేదు.

"చెప్పండి సార్, మీకు ఎలా సహాయపడగలను?"

"తల్లీ, నా వయసు తప్పు పడింది. నాకు యాభై ఏడు. మీ దగ్గర పద్నాలుగు ఉంది."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. మా రికార్డు ప్రకారం మీరు మైనర్ సార్."

"నా గొంతు వినిపిస్తోందా?"

"క్లియర్‌గా వినిపిస్తోంది సార్."

"పద్నాలుగేళ్ల గొంతులా ఉందా?"

"గొంతుతో వెరిఫై చేసే ఆప్షన్ లేదు సార్."

"నన్ను సార్ అంటున్నావు కదమ్మా."

"పిల్లలనైనా సార్ అనే అంటాం సార్."

ఆధార్ అప్‌లోడ్ చేయమంది. చేశాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది: మీరు ఇచ్చిన పత్రంలోని పుట్టిన తేదీ మీ ఖాతాలోని పుట్టిన తేదీతో సరిపోలడం లేదు, కాబట్టి తిరస్కరించాం. సరిపోలడం లేదనే కదా నాయనా నేను మొత్తుకునేది! మళ్లీ ఫోన్, మళ్లీ సంగీతం, అదృష్టం కొద్దీ అదే అమ్మాయి.

"ఒకసారి ఎక్కిన తేదీ మార్చడానికి వీల్లేదు సార్" అంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా ఆఫీసులో సర్వీసు రిజిస్టర్లు చూసేది నేనే. బడిలో చేర్చేటప్పుడు పంతులు తోచిన తేదీ వేశాడని ఎందరో వచ్చి నా టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ అమ్మాయి అన్న మాటనే, ఆ స్వరంలోనే, నేను ముప్పై ఏళ్లుగా అంటున్నాను. కాకపోతే నేను ఎవరికీ సంగీతం వినిపించలేదు. అందుకని అరవడానికి నోరు రాలేదు.

"మరి దారేంటమ్మా?"

"మీ తల్లిదండ్రులు గానీ, సంరక్షకులు గానీ సమ్మతి ఇస్తే ఆర్డర్ వెళ్తుంది సార్."

"మా నాన్న పోయి పదేళ్లు దాటింది."

"అయ్యో, సారీ సార్. అమ్మగారు ఉన్నారా?"

ఉంది. వరండాలో మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది. ఎనభై దాటాయి. చూపు ఆనదు గానీ చెవులు పాము చెవులు. ఆమె బటన్ ఫోనుకు ఓటీపీ వచ్చింది. నేనే చదివి, నేనే చెప్పాను. అంటే నా సంరక్షణకు నేనే సంతకం పెట్టుకున్నట్టు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. "ఒకసారి అమ్మగారితో మాట్లాడాలి సార్" అంది. స్పీకరు ఆన్ చేసి ఫోను అమ్మ ముందు పెట్టాను.

"నమస్తే అమ్మా. మీ బాబు కత్తి కొనుక్కోవడం మీకు సమ్మతమేనా?"

"కత్తా?" అమ్మ వక్క కత్తిరించడం ఆపింది. నా వైపు తిరిగింది. "ఏం రా, కోడలితోని లొల్లి పెట్టుకున్నవా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"జాంపండు కోసుకోడానికే అమ్మా" అన్నాను.

"పండ్లు లెవ్వా నీకు?" అని, ఫోను వైపు తిరిగి, "బిడ్డా, వీని చేతికి కత్తి ఇయ్యకుండ్రి. పెన్సిలు చెక్కుతనని బ్లేడుతోని బొటనేలు కోస్కున్నడు. మూడు దినాలు బడికి పోలే. ఇంక మచ్చ గట్లనే ఉన్నది."

"జాగ్రత్తగా వాడేలా చూసుకోండమ్మా" అంది అమ్మాయి. పిల్లల తల్లులతో మాట్లాడే స్వరం అది. "బాబు పుట్టిన సంవత్సరం ఒకసారి కన్ఫర్మ్ చేస్తారా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు తేలిపోతుంది నిజం. అమ్మకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి.

"సంవత్సరం నాకేం ఎరుక బిడ్డా. జై తెలంగాణ గొడవప్పుడు వీడు నా సంకల ఉన్నడు. బళ్లు బందు, బస్సులు బందు. పరకాల నుంచి వరంగల్ రానీకి తిప్పలు పడ్డం."

అమ్మ చెప్పింది 1969 సంగతి. అవతల ఆ పిల్ల గొంతు ఒక్కసారి మారిపోయింది. కంపెనీ తెలుగు పోయి ఇంటి తెలుగు వచ్చింది.

"నాకు గూడ యాదికున్నదమ్మా! మాది కరీంనగర్. సకల జనుల సమ్మె. నలభై రెండు రోజులు. మేం బడికే పోలేదు. 2011 గదా. రికార్డుతోని కరెక్ట్‌గ సరిపోయింది సార్!"

"అది కాదమ్మా, అది మొదటి గొడవ..." అని నేను అందుకునేలోపు అమ్మ, "ఆఁ, గదే బిడ్డా, గదే" అంది సంతోషంగా. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు కరీంనగర్ ఎండల గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకున్నారు. నా సమస్య పూర్తిగా పరిష్కారమైనట్టు నాకు మెసేజి వచ్చింది. సేవ ఎలా ఉందో అయిదు చుక్కల్లో చెప్పమన్నారు. అయిదూ ఇచ్చాను. ఆ పిల్లది ఏం తప్పు?

నాలుగో రోజు డెలివరీ పోరడు వచ్చాడు. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, మీసం ఇంకా ఆలోచిస్తోంది. "పార్సిల్ మైనర్‌ది. గార్డియన్ ఉండాలె" అన్నాడు. అమ్మ కర్ర పట్టుకుని గడప దాకా వచ్చింది.

"అవ్వా, పోరడు ఏడి?"

"గీడే" అని కర్రతో నన్ను చూపించింది.

వాడు నా తల చూశాడు, ఫోను చూశాడు. మళ్లీ నా తల చూశాడు. ఇరవై ఏళ్లుగా నా తల మీద నల్ల వెంట్రుక కోసం వెతికినవాళ్లెవరూ సఫలం కాలేదు.

"కాకా, మైనర్ నువ్వేనా?"

"నేనే."

"ఏ క్లాసు?" అన్నాడు, నవ్వు ఆపుకోలేక. ఆపుకోవాలని నేను కూడా అనలేదు. అమ్మ వాడి ఫోను తెర మీద చూపుడువేలితో ముగ్గులాంటి సంతకం పెట్టింది. వాడు పార్సిల్‌ను నా చేతులు దాటించి అమ్మ చేతిలో పెట్టాడు. రూలట.

అమ్మ డబ్బా విప్పించింది. కత్తిని చేత్తో తడిమింది. గోటితో లాగితే టిక్కుమంది. మూసింది. మళ్లీ లాగింది. చిన్నపిల్ల కంకణం చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పింది. తర్వాత తన ఆకువక్కల సంచి తీసి, సున్నం డబ్బీకీ అడకత్తెరకూ నడుమ కత్తిని పెట్టి తాడు బిగించింది.

"అమ్మా, అది నాది."

"ఫోన్ల పూచీ పడ్డది నేను. రేపు ఏమన్న అయితె ఆ కరీంనగర్ పిల్ల నన్ను అడుగుతది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "మంచిగైంది" అంది.

పోయిన ఆదివారం జాంపండ్లు తెచ్చి మంచం పక్కన నిలబడ్డాను. అమ్మ సంచి విప్పింది. "ఇటు తే, నేనే కోసిస్త" అంది. చూపు ఆనకపోయినా సమంగా నాలుగు చెక్కలు చేసింది. గింజలు తీసేసిన చెక్క నాకిచ్చింది. కత్తిని కొంగుతో తుడిచి, టిక్కుమనిపించి, సంచిలో వేసుకుంది. ముక్క తీయగానే ఉంది, కొంచెం సున్నం వాసన.

బండ్ మీద సారు రోజూ అడుగుతున్నారు, కత్తి వచ్చిందన్నావు, ఏదీ అని. రెండు రోజులు మాట దాటేశాను. నిన్న నలుగురిలో గట్టిగా అడిగేసరికి ఇక దాచలేక చెప్పేశాను.

"మా అమ్మ ఇవ్వట్లేదు సార్."