కౌపీన సంరక్షణార్థం ఇరవై గాలన్ల సముద్రం

ఈమధ్య ఎవరైనా నా ముందు 'నేచురల్ సొల్యూషన్' అంటే చాలు, నా చెయ్యి సిరంజి కోసం వెతుక్కుంటోంది. సిరంజి సంగతి తర్వాత చెప్తాను. ఆ మాట ఎక్కడ వినిపిస్తుందో మీకు తెలియనిది కాదు. సముద్రపు చేపలమ్మే షాపులో, కౌంటరు వెనకాల, మనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మన బాధ సగం వినేసరికే చెయ్యి అడ్డంపెట్టి "మందులూ గిందులూ వద్దు బ్రో, నేచురల్‌గా పోదాం" అంటాడు. నేచురల్‌గా పోవడం అంటే ఇంకో ప్రాణిని కొనుక్కుని ఇంటికి పోవడం.

డల్లాస్ శివార్లలో మా హాల్లో ఒక సముద్రం ఉంది. 20 గాలన్లు, అంటే దాదాపు 75 లీటర్లు. వేడి 78 ఫారెన్‌హీట్, సాంద్రత 1.026, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారగుణం) 8.4. నా బీపీ ఎంతో నాకు తెలీదు గానీ ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఆవిరవదు, కాబట్టి రోజూ మంచినీళ్ళు పోస్తూ ఉండాలి. అవి కూడా కుళాయి నీళ్ళు కాదు, ఆర్వో దాటి, రెజిన్ దాటి, టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించాకే ట్యాంకు గడప తొక్కాలి. మా ఇంట్లో మనుషులు తాగే నీళ్ళకి ఇంత మడి లేదు.

ఇంత మడిలోకి, కొత్తగా కొన్న పగడపు ముక్కతో పాటు, రాయి కన్నంలో నక్కి ఒక అతిథి దిగాడు. పేరు ఐప్టేసియా, సీ అనిమోన్ జాతి. గోధుమరంగు గాజుతో చేసిన బుల్లి తాటిచెట్టులా ఉంటాడు, సెంటీమీటరు కూడా ఉండడు. మా ఆవిడ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. తాకబోతే కన్నంలోకి సర్రున జారిపోతాడు. గోకితే తెగిన అడుగుముక్క ఇంకో ఐప్టేసియా అయి లేస్తుంది. పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపుతాడు. గుర్రపుడెక్కకీ రక్తబీజుడికీ పుట్టిన బిడ్డ అనుకోండి. ఇదంతా తెలియక నేను పట్టకారుతో పీకాను. రెండు వారాల్లో ఒకటి పదకొండైంది.

షాపుకి పరిగెత్తాను. పెప్పర్‌మింట్ రొయ్యలు వేస్తే తినేస్తాయన్నాడు. మూడు తెచ్చాను, ఒక్కోటి 12 డాలర్లు. అందులో ఒకదానికి వీపు మీద గూని, కళ్ళు ఇంతింత. ఇదేంటి తేడాగా ఉందంటే అదీ అదే జాతన్నాడు. కాదు. దాన్ని క్యామెల్ రొయ్య అంటారు, దానికి నా మెత్తటి పగడాల ముందు ఐప్టేసియా అసలు ఆనదు. మిగతా రెండూ నేను వేసే మేత కోసం ఎదురుచూస్తూ పంపు పక్కన కాపురం పెట్టాయి.

భీమవరం దగ్గర పదెకరాల్లో వనామీ రొయ్య వేసే మా మావయ్యకి ఈ విషయం చెప్పడం నేను చేసిన రెండో తప్పు.

"కౌంట్ ఎంతరా అల్లుడూ, కేజీకి ఎన్ని తూగుతాయి?"

"కౌంటేంటి మావయ్యా, మొత్తం మూడే."

"మూడు కేజీలా?"

"మూడు రొయ్యలు."

కాసేపు అటువైపు ఏరియేటర్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. తర్వాత రేటు అడిగాడు. కేజీకి 500 తూగుతాయనుకున్నా 6,000 డాలర్లు, మన లెక్కలో ఐదు లక్షల పైమాటే. "ఒరేయ్, రెండెకరాలు ఖాళీ చేయించమంటావా?" అన్నాడు, గొంతులో ఎక్కడా ఎగతాళి లేదు.

సన్యాసి కథ మీకు తెలిసిందే. గోచీని ఎలకలు కొరికాయని పిల్లిని, పిల్లికి పాలకోసం ఆవుని, ఆవుని చూసుకోడానికి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. ఆయన అదృష్టవంతుడు, పెళ్ళాం దగ్గర ఆగిపోయింది. నాకు గాజుకి నాచు పట్టిందంటే నత్తల్ని అమ్మారు. నత్తలు వదిలేసిన మిగులూ తగులూ తినడానికి సన్యాసి పీతల్ని అమ్మారు. (హెర్మిట్ అంటే సన్యాసే కదా, కథ ఇక్కడ కూడా వదల్లేదు.) పీత నత్తని చంపి గుల్లలోకి గృహప్రవేశం చేసింది, చచ్చిన నత్త కుళ్ళి నీళ్ళు చెడ్డాయి, చెడ్డ నీళ్ళకి మళ్ళీ నాచు. "నాచుకి నత్తలున్నాయి బ్రో."

ఈ సంతలో నిజాయితీగా పనిచేసే ప్రాణి ఒకటి లేకపోలేదు, బెర్గియా అనే గుల్లలేని బుల్లి సముద్రపు నత్త. అది ఐప్టేసియా తప్ప ఇంకేమీ ముట్టదు. మొత్తం తినేసి, తినడానికి ఏమీ మిగలక, ఆకలితో చచ్చిపోతుంది. ప్రాజెక్టు అయిపోయి ఉద్యోగం పోతే హెచ్1బి వీసా వాడికైనా 60 రోజుల దాకా గడువు ఇస్తారు.

తర్వాత మాట కాపర్‌బ్యాండ్ చేప. తెల్లటి ఒంటిమీద రాగిరంగు నిలువు పట్టీలు, పొడుగాటి ముక్కు, వెనక రెక్క మీద శత్రువుని ఏమార్చడానికి నల్లటి దొంగ కన్ను. "కొన్ని వారాలు ఉంచుకుని, పని అయ్యాక తెచ్చిచ్చేయండి" అన్నాడు, అద్దె సైకిల్లాగా. తెచ్చాను. మొదటి రెండు రోజులు గాజులో తన నీడని చూసి పోట్లాడింది. మైసిస్ అనే బుల్లి రొయ్యల మేత వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఆల్చిప్ప సగం తెరిచి ముందు పెడితే ఒకసారి పొడిచి వెనక్కి తిరిగింది. ఐప్టేసియా వైపు చూడనైనా చూడలేదు. తొమ్మిదో రోజుకి కడుపు లోపలికి అంటుకుపోయి, తల వెనక కండ కరిగి గీత పడింది. పదకొండో రోజు పొద్దున నత్తల మధ్య పడి ఉంది. ఇండో-పసిఫిక్‌లో ఎక్కడో పగడపు దిబ్బల మీద రోజంతా తిరుగుతూ సందుల్లో పురుగులు ఏరుకు తినే చేప అది. 100 గాలన్లు దాటిన ట్యాంకులో కూడా అది తిండికి అలవాటు పడటం కష్టం. ఆ సంగతి అమ్మినవాడికి తెలుసు. అరగంట చదివి ఉంటే నాకూ తెలిసేది. వాడు ఇంకా "వారం గ్యారంటీ దాటిపోయింది బ్రో, ఇంకోటి తీసుకుంటే టెన్ పర్సెంట్ తగ్గిస్తా" అన్నాడు. సిగ్గులేదురా? ప్రాణాన్ని పనిముట్టులా అమ్మి, దానికి గ్యారంటీ కార్డు రాసి, పైగా దీనికి నేచురల్ అని పేరు! కొన్నందుకు నాకూ సిగ్గులేదు, ఒప్పుకుంటున్నా.

కాబట్టి సిరంజి. క్యాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద, అంటే మన సున్నం. ఇలా పగడాల ట్యాంకులు పెంచే రీఫ్ వాళ్ళు దానికి కాల్క్ అని జర్మన్ పేరు పెట్టుకున్నారు గానీ, కిళ్ళీలో రాసేదీ అదే. అర్ధరాత్రి దాటింది. ముద్ద చెదరకుండా పంపులన్నీ ఆపేశాను. ఎర్ర టార్చి నోట్లో, సిరంజి కుడిచేతిలో, ఎడమచెయ్యి మోచేతిదాకా ట్యాంకులో. మావయ్య వీడియో కాల్‌లో, అక్కడ పొద్దున పదిన్నర దాటింది, గట్టుమీద మేత చూసే చెక్ ట్రే పక్కన కూర్చుని దర్శకత్వం. "మెల్లగా... మెల్లగా... ఆఁ, ఇప్పుడు నొక్కు." నొక్కాను. ఐప్టేసియా లోపలికి జారిపోయాడు, నేను కన్నం మీద సున్నం మెత్తాను, మా గోదావరి వైపు పండగముందు గోడలకి వేసినట్టు. ఒక్కటి. ఒకే రాత్రి అన్నిటికీ మెత్తితే పీహెచ్ ఎగిరి మిగతావన్నీ పోతాయి, రెండు మూడు చేసి ఆగాలి. రెండోదాని దగ్గర మా ఆవిడ మంచినీళ్ళకి లేచి లైటు వేసింది. నోట్లో టార్చి, చేతిలో సిరంజి, ఫోన్లో "నొక్కరా, నొక్కు" అని అరుస్తున్న మావయ్య. ఏమీ అడగలేదు. లైటు ఆర్పి వెళ్ళిపోయింది.

"ఆల్కలినిటీ ఎంతుంది?" అన్నాడు మావయ్య, సిరంజి కింద పెట్టాక.

"8.4."

"మా పీపీఎం లెక్కలో 150. బానే ఉంది. మరి ఆ రాయి వేసేముందు టెస్టు చేయించావా?"

"రాయికి టెస్టేంటి మావయ్యా?"

"మేం రొయ్యపిల్ల వేసేముందు వైట్ స్పాట్ జబ్బుకి పీసీఆర్ టెస్టు చేయిస్తాం. పీతలు రాకుండా చుట్టూ వల కడతాం. నువ్వు ఊరిమీద రాయి తెచ్చి డైరెక్టుగా పడేశావా?"

నెట్‌వర్క్ సరిగ్గా లేదని పెట్టేశాను.

ఇప్పుడు వంటింటి మూల ఐదు గాలన్ల బకెట్ ఉంది. కొత్తగా వచ్చే రాయైనా పగడమైనా నెలరోజులు అందులో ఉండాల్సిందే. హాల్లో ఐప్టేసియాలు నాలుగున్నాయి, నిన్నటిదాకా.

ఇవాళ పొద్దున షాపు నుంచి మెసేజ్, కొత్త కాపర్‌బ్యాండ్ల స్టాకు వచ్చిందని. దాన్ని మావయ్యకి పంపాను. జవాబుగా ఫొటో పెట్టాడు. చెరువు గట్టుమీద, పక్షుల వల చిరిగిన చోట, మెడ చాచి నిలబడ్డ తెల్లకొంగ. కింద రాశాడు: "ఇది కూడా నేచురలే. పంపమంటావా?"