అద్దె ఇంట్లో మొక్కలు దండగా? ఆ మెసేజ్‌కి నా జవాబు

మా బంధువుల గ్రూపులో చూశాను, ఆఫీసు గ్రూపులో చూశాను, ఆఖరికి మా పాప స్కూలు తల్లుల గ్రూపులోకీ వచ్చేసింది. తొలకరి పడగానే ఎవరికైనా రెండు మొక్కలు పెట్టుకోవాలని బుద్ధి పుడుతుంది కదా, సరిగ్గా అప్పుడే తిరుగుతుంది ఈ మెసేజ్. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. అద్దె ఇంట్లో తోట పెట్టడమంటే పరాయి గోడకి సున్నం కొట్టడమేనట. ఇల్లు మారితే మొక్కలన్నీ ఓనరుకే పోతాయట. కుండీల బరువుకి శ్లాబు దెబ్బతిని, నీళ్ళు కారి, అడ్వాన్సు ఊడుతుందట. పది రూపాయల తోటకూర కోసం వేలు తగలెయ్యాలట. దోమలొస్తాయట. కాబట్టి సొంతిల్లు కట్టుకున్నాక తీరిగ్గా పెంచుకోమని సలహా. కింద రెండు దండాల బొమ్మలు.

పన్నెండేళ్ళలో నేను నాలుగు అద్దె ఇళ్ళు చూశాను. అన్నీ హైదరాబాద్‌లోనే: రామంతపూర్, హబ్సిగూడ, నాచారం, ఇప్పుడు మల్లాపూర్. నాలుగు చోట్లా మొక్కలు పెట్టాను, కొన్ని చంపాను కూడా. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ‘మొక్కలన్నీ ఓనరుకే’ అన్న మాట. మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి. ఇది రాసినవాళ్ళ బుర్రలో తోట అంటే మామిడి, కొబ్బరి. మామిడి అంటు నాటితే కాపుకి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అద్దె ఇంట్లో అది పెట్టమని నేనూ అనను. నేను మాట్లాడేది కూరమడి గురించి. మెంతికూర 20, 25 రోజుల్లో కోతకొస్తుంది. తోటకూరకి నెల, పాలకూరకి ఇంకో ఐదు రోజులు ఎక్కువ. బెండ గింజ వేశాక 45, 50 రోజులకి కాయ తెంపొచ్చు. టమాటా, వంగ అయితే నారు నాటాక రెండు నెలల పైచిలుకు. మరి మన అద్దె అగ్రిమెంటు ఎన్నాళ్ళు? 11 నెలలు. దాదాపు అందరూ అలాగే రాసుకుంటారు. ఆ 11 నెలల్లో ఒకే టబ్బులో పదిసార్లు తోటకూర తీయొచ్చు. ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నా, నెల టైమిస్తే ఆ మడి కోసుకునే వెళ్తాం.

ఈ మెసేజ్‌ని కౌలు రైతుకి చదివి వినిపిస్తే నవ్వుతాడు. సొంత చెక్క లేకుండా, ఏ ఏటికి ఆ ఏడు మాట్లాడుకుని ఎకరాల కొద్దీ వరి పండించేవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎంతమందో. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి పెట్టిన గడువు కూడా సరిగ్గా 11 నెలలే. వాళ్ళ ఎకరాలకి చాలిన గడువు నా ఆరు బకెట్లకి చాలదా?

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. కుండీలో ఉన్నది మీ కుర్చీ, మీ మంచం లాంటిదే, మీ సామాను. దాని మీద వాదనే లేదు. నేలలో నాటినదాని గురించి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. అద్దెకున్న మనిషి తాను నేలలో నాటినవాటిని, ఇల్లు ఇంకా తన చేతిలో ఉండగా, తీసుకుపోవచ్చు. ఐతే స్థలాన్ని తనకి ఎలా ఇచ్చారో అలాగే అప్పగించాలి. గడువు ఇంత అని లేని అద్దె మన తప్పు లేకుండా ముగిస్తే మనం వేసిన పంట మనదే, వచ్చి కోసుకుపోవడానికి దారి కూడా ఇవ్వాలి. అగ్రిమెంటులోనో ఆ ఊరి ఆనవాయితీలోనో వేరేలా ఉంటే మాత్రం అదే చెల్లుతుంది, కాబట్టి సంతకానికి ముందు ఆ కాగితం చదవండి. గోంగూర కోసం ఎవరూ కోర్టుకెక్కరనుకోండి. అయినా ‘ఓనరుకే’ అని తీర్పు చెప్పేసిన పెద్దమనిషి, చట్టం ఎటుందో ఓసారి చూడాల్సింది.

నిజంగా మొక్క పోయేది సామాను ఎత్తే రోజు. అక్కడ నాకూ దెబ్బ తగిలింది. హబ్సిగూడ నుంచి నాచారం మారినప్పుడు నాలుగేళ్ళ కరివేపాకు మొక్కని సామాను తీసుకెళ్ళే డీసీఎం వ్యానులో ఫ్రిజ్‌కీ బీరువాకీ మధ్య ఇరికించారు. దింపేసరికి మొదలు దగ్గర నిలువునా చీలి, బెరడు పట్టుకుని వేలాడుతోంది. తప్పు లోడింగ్ కుర్రాళ్ళది కాదు. ప్రయాణం కదా అని పొద్దున్నే దానికి చెంబుడు నీళ్ళు పోసి మరీ పంపాను. కుండీ బరువెక్కి, మలుపులో ఒరిగిపోయింది. మల్లాపూర్ వచ్చేటప్పుడు బుద్ధి తెచ్చుకుని రెండు రోజుల ముందే నీళ్ళు ఆపేశాను. కొమ్మలు సగానికి కత్తిరించి పాత చీర చుట్టాను. సామానంతా ఎక్కాక చివర్న కుండీలు ఎక్కించి, ఇక్కడ దింపాక వారం రోజులు నీడలోనే ఉంచాను. తొమ్మిదింట్లో ఎనిమిది బతికాయి. పోయిన ఆ ఒక్క గులాబీ నా దగ్గర ఏనాడూ సంతోషంగా లేదు. బచ్చలి, దొండ, పుదీనా లాంటివాటికైతే బండి కూడా అక్కర్లేదు. జానెడు కొమ్మ తడిగుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే కొత్తింట్లో మళ్ళీ వేళ్ళు తొడుగుతుంది.

శ్లాబు మాట మాత్రం కొట్టిపారేసేది కాదు, సగం నిజం. ఇళ్ళ మీద బరువుల లెక్కకి మన ఇంజినీర్లు చూసే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు ఎక్కి తిరిగే డాబాకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు, బాల్కనీకి సుమారు 300 కిలోలు లెక్కేస్తారు. తడిసిన ఎర్రమట్టి లీటరు కిలోన్నర పైనే తూగుతుంది. డాబా మీద ఇటుకలు పేర్చి, అడుగు లోతున మట్టి నింపి మడి కట్టారనుకోండి, చదరపు మీటరుకి 300 లీటర్ల మట్టి, అంటే 450 కిలోల పైమాటే. డాబా మోయాల్సినదానికి మూడింతలు. ఆ పని సొంతింట్లో కూడా ఇంజినీరుని అడక్కుండా చేయకూడదు. అద్దె ఇంట్లో అసలే వద్దు.

కానీ తోటంటే అదొక్కటే కాదుగా. 20 లీటర్ల పెయింటు బకెట్‌లో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు మూడూ సమంగా కలిపి నింపితే తడిసినప్పుడు 20, 25 కిలోలు ఉంటుంది. చదరపు మీటరు చోటులో రెండే పెట్టుకుంటే 50 కిలోలు. మీ అబ్బాయి స్నేహితుణ్ణి తీసుకుని డాబా ఎక్కితే ఇంతకన్నా ఎక్కువ బరువు. బకెట్లు గోడల వెంట, కింద దూలం ఉన్న చోట పెట్టండి. బాల్కనీలో బరువైనవి కొస వైపు కాకుండా ఇంటి గోడ వైపు పెట్టండి. పిట్టగోడ మీద మాత్రం ఏదీ పెట్టకండి, ఈదురుగాలికి కింద నడిచేవాళ్ళ నెత్తిన పడుతుంది. పాత ఇల్లయి శ్లాబు పెచ్చులు రాలుతుంటే డాబా వదిలేసి మెట్ల పక్కనో గేటు దగ్గరో చూసుకోండి.

నీళ్ళు కారడం గురించి కూడా ఓ మాట. డాబా చెమ్మగిల్లేది ఎక్కువగా నీళ్ళు నిలిచినప్పుడు. ఎండుటాకులూ మట్టీ చేరి వాననీటి గొట్టం మూతి పూడుకుపోతుంది, రెండు వానలకి డాబా చెరువైపోతుంది. బకెట్ కింద రెండు ఇటుకలు పెట్టి గాలాడనిచ్చి, ఆ గొట్టం మూతి దగ్గర వారానికోసారి ఊడిస్తే సగం గొడవ తీరినట్టే. పిట్టగోడ పగుల్లో మొలిచే రావి మొక్కని చూపించి ‘నీ తోట వల్లే’ అని నాచారం ఓనరు నాతో గొడవపడ్డారు. అది పిట్ట రెట్టలో వచ్చిన విత్తనమని చెప్తే నమ్మలేదు. పీకేసి, ఆ పగులుకి సిమెంటు పూయించాక శాంతించారు.

ఓనర్లు ఒప్పుకోరన్న భయం కూడా ఇక్కడే పుడుతుంది. నా అనుభవంలో వాళ్ళకి మొక్కల మీద కోపం ఉండదు. ఇప్పటి ఓనరు ఆంటీని దిగిన వారంలోనే అడిగాను.

“ఆంటీ, డాబా మీద ఓ ఆరు బకెట్లు పెట్టుకుంటాను, ఏమంటారు?”

“పెట్టుకోమ్మా, నాకేం? ఎర్రనీళ్ళు మా కారు మీద పడకుండా చూసుకో చాలు. ఇంతకుముందు ఉన్నవాళ్ళు రోజూ పోసేవాళ్ళు, అంకుల్ రోజూ కడుక్కునేవారు.”

అంత కచ్చితంగా చెప్పేశారు. బకెట్ల కింద నీళ్ళు పట్టే ప్లేట్లు పెట్టాను, కారు పార్క్ చేసే వైపు బకెట్లు పెట్టడం మానేశాను. అడగకుండా మొదలెట్టి ఉంటే మొదటి ఎర్ర చారకే మాటామాటా వచ్చేది.

దోమలంటారా, దోమ పుట్టేది మొక్కలో కాదు, నిలిచిన నీళ్ళలో. డెంగీ దోమకి గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ప్లేట్లలో నీళ్ళు వారానికోసారి ఒంపేస్తే చాలు. శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీవాళ్ళు చెప్పేది ఇదే. ఆ ప్లేట్ల కన్నా మీ కూలర్ ట్యాంకు మీద ఎక్కువ అనుమానం పెట్టుకోండి.

ఖర్చు సంగతికొస్తే, వేలు పోసేవాళ్ళు లేరని కాదు. నేనే పోశాను. రామంతపూర్‌లో మొదటి నెల ఉత్సాహంలో నర్సరీకెళ్ళి పింగాణీ కుండీలు, రంగు రంగుల నీళ్ళ డబ్బా, ఏదో ‘అద్భుత మిశ్రమం’ సంచి, అరచేతంత పారతో తిరిగొచ్చాను. ఆ పార ఇప్పటికీ కొత్తగానే ఉంది. చేత్తో అయ్యే పనికి పారెందుకు? కుండీలు రెండుసార్లు ఇల్లు మారేసరికే పగిలాయి. ఇప్పుడు వాడేవన్నీ రంగులేసే మేస్త్రీ దగ్గర తీసుకున్న ఖాళీ బకెట్లు. అడుగున నాలుగు కన్నాలు, అంతే. విత్తనాలకి వంటింటి పోపుల పెట్టె చాలు, మెంతులు, ధనియాలు, ఆవాలు, ఎండుమిరపకాయల గింజలు అందులోనే ఉన్నాయి. పుదీనా కట్టలో ముదురు కాడలు నాలుగు తీసి గుచ్చితే అదే అల్లుకుంటుంది. కొనాల్సినవి మట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు.

అలాగని కూరల ఖర్చు మిగులుతుందని నేను చెప్పను. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లతో ధరలో పోటీ పడలేం. ఉల్లి, బంగాళాదుంప జోలికే వెళ్ళక్కర్లేదు. మన లెక్క వేరు. పప్పులోకి గుప్పెడు కొత్తిమీర కావాలంటే కట్ట మొత్తం కొని, మిగతాది ఫ్రిజ్‌లో నల్లబడ్డాక పారేస్తాం చూడండి, ఆ బాధ ఉండదు. స్టవ్ మీద చారు మరుగుతుంటే డాబా ఎక్కి నాలుగు రెబ్బలు తుంచుకొస్తాం. దానికి రేటెంతో మెసేజ్ రాసినాయనే కట్టాలి. ఐతే రోహిణి కార్తెలో మాత్రం మొదలెట్టకండి. రోళ్ళే పగిలే ఎండలో కొత్తిమీర మొలకేం నిలుస్తుంది? మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక వేయండి.

చివరిది, ‘సొంతిల్లు వచ్చాక చూసుకోండి’. ఈ ఊళ్ళో సొంతిల్లంటే చాలామందికి ఏ ఐదో అంతస్తులోనో ఫ్లాటు. అక్కడా నేల ఉండదు, డాబా మీద అసోసియేషన్ తాళం ఉంటుంది. ఉత్తరం వైపు బాల్కనీ అయితే చలికాలమంతా ఎండ మొహం చూపించదు. కాయగూరలకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి. ఎండ చాలకపోతే అద్దెవాళ్ళం ఇల్లు మారొచ్చు. కొన్నవాళ్ళు మారలేరు. నేనిప్పుడు టులెట్ బోర్డు చూసి లోపలికెళ్తే నల్లా, బాత్రూం కన్నా ముందు డాబా మీద ఎండ ఎటు పడుతోందో చూస్తాను.

పైగా సొంతిల్లు వచ్చేదాకా ఆగితే, అప్పుడైనా మొదటి మొక్కలు చావాల్సిందేగా. రామంతపూర్‌లో మెంతులకి రోజూ రెండుపూటలా నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను. హబ్సిగూడలో టమాటా ఆకుల కింద తెల్లగా పిండినల్లి పట్టి మొక్కంతా ముడుచుకుపోతుంటే, దుమ్మేమో అనుకుని వారం ఊరుకున్నాను. ఆఖరికి, ధనియాలు గుండుగా వేస్తే సరిగ్గా మొలవవనీ, చపాతీ కర్ర కింద రెండు బద్దలయ్యేలా నలిపి వేయాలనీ తెలియడానికే నాకు రెండు ఇళ్ళు పట్టాయి.