తెల్లబోయిన సైటు, ఎవరూ చదవని ఎర్రరు

ఈ పోస్టు కాస్త పెద్దదే. ఓపిక లేనివాళ్లు దాటేసి వెళ్లిపోండి, ఏమీ అనుకోను. పన్నెండేళ్లుగా వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేరు) సైట్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఇన్నాళ్లుగా కడుపులో పెట్టుకున్నది ఇవాళ కక్కేస్తున్నాను.

2024 జూన్ 4. ఆంధ్రాలో ఓట్ల లెక్కింపు రోజు. పొద్దున్న ఆరుంబావుకి తణుకు నుంచి ఫోను. అక్కడ ఒక పెద్దాయన చిన్న వార్తల సైటు నడుపుతారు. "బాబూ, సైటు పోయిందండి. తెల్ల కాగితంలా ఉందండి. ఎనిమిదింటికి లెక్కింపు మొదలండి" అన్నారు. గోదావరి జిల్లాల మర్యాద అలాగే ఉంటుంది, ఇల్లు తగలబడుతున్నా 'అండి' వదలరు.

"రాత్రి ఏమైనా మార్చారా సార్?" అని అడిగాను.

"అబ్బే, ఎవరూ ముట్టుకోలేదండి."

ఈ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే ముట్టుకోరు. కానీ 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి థీములకీ (సైటు రూపం చూసుకునేవి) ప్లగిన్లకీ (అదనపు పనుల కోసం తగిలించుకునేవి) ఆటో అప్‌డేట్ అనే మీట ఉంది. ఎప్పుడో ఎవరో నొక్కి ఉంటారు. అర్ధరాత్రి మనం నిద్రపోతుంటే అది తన పని తాను చేసుకుపోతుంది.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు. "మా మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేరండి. మొత్తం తీసేసి మళ్లీ కొత్తగా ఎక్కించేయమంటున్నాడండి. చేసేయమంటారా?"

నా ఒంట్లో రక్తం గడ్డకట్టింది. "మీరు టీ తాగండి సార్, దేన్నీ ముట్టుకోకండి" అని బతిమాలాను.

నా గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. సైటు పడిపోతే మనవాళ్లు ఏ పనైనా చేస్తారు గానీ, ఎందుకు పడిందో ఆ సైటే రాసిపెట్టే చీటీ మాత్రం చదవరు. డబ్ల్యూపీ కాన్ఫిగ్ అనే ఫైలు ఉంటుంది. అందులో డీబగ్ (తప్పులు బయటపెట్టే మీట) ఆన్ చేసి, ఎర్రర్లు తెరమీద జనానికి చూపించకుండా ఫైల్లోకి రాయమని చెప్పాలి. మొత్తం మూడు లైన్లు. పేజీని ఒకసారి రీఫ్రెష్ చేస్తే డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ అనే ఆ చీటీ పుడుతుంది. ఆ రోజు అందులో ఏముందో తెలుసా? ఫలానా ప్లగిన్, ఫలానా ఫైలు, నలభై ఒకటో లైను, అక్కడ పిలిచిన ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడు ముక్క) ఎక్కడా లేదు. దొంగ తన ఇంటి అడ్రసు రాసిపెట్టి వెళ్లినట్టు ఉంది. ఇంతకంటే ఏం చెప్పాలి పాపం ఆ సాఫ్ట్‌వేరు?

అసలు జరిగింది ఇది. సైటు మొదట కట్టిన కుర్రాడు ఒక ఫంక్షన్ రాసి, దాన్ని తిన్నగా థీము తాలూకు ఫంక్షన్స్ ఫైల్లోనే పెట్టాడు. తర్వాత ఎన్నికల ఫలితాల పట్టిక కోసం విడిగా ఒక చిన్న ప్లగిన్ రాసి, దాంట్లోంచి ఈ ఫంక్షన్‌ని పిలిచాడు. రాత్రి థీము అప్‌డేట్ అయింది. అప్‌డేట్ అంటే పాత ఫోల్డర్ ఖాళీ చేసి కొత్తది పెట్టడమే. కుర్రాడి ఫంక్షన్ దాంతో పాటే గాల్లో కలిసిపోయింది. ప్లగిన్ పిలుస్తోంది, పలికేవాడు లేడు. అదీ థీము లోడవగానే, ఏ పేజీ తెరిచినా నడిచే అంచెలో పిలుస్తోంది కాబట్టి లాగిన్ పేజీ కూడా తెరుచుకోలేదు.

బాగుచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పదిహేను, సైటు ఫైళ్లు ఉండే హోస్టింగ్ పాస్‌వర్డ్ వెతకడానికే. అది డైరీలో, పాలవాడి లెక్కల పక్కన దొరికింది. ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చి, వర్డ్‌ప్రెస్‌కి అది కనబడకుండా చేయగానే సైటు లేచింది. బ్యాకప్‌లోంచి ఆ ఫంక్షన్ తీసి ప్లగిన్‌లోనే పెట్టాను. ఏడున్నరకల్లా పట్టిక కనబడింది.

అద్దింట్లో ఉంటూ ఓనరు గోడమీద పిల్లల ఎత్తులు గీసుకుంటారు చూడండి, థీము ఫైళ్లలో రాయడం అచ్చం అంతే. సున్నం వేయించినప్పుడు ఆ గీతలు పోతాయి. ఓనరు మీద అరిచి ఏం లాభం? దీనికోసమే చైల్డ్ థీము అని ఒకటి పెట్టారు. ఒక ఫోల్డరు, అందులో స్టైల్ ఫైలు, దాని పైన తన పేరూ తల్లి థీము పేరూ చెప్పే రెండు లైన్లు. అంతే. ఐదు నిమిషాల పని. రూపానికి సంబంధించినవి దాంట్లో పెట్టుకోవచ్చు. పనితీరుకు సంబంధించినవైతే సొంత ప్లగిన్‌లో ఉండాలని నా పట్టుదల, రేపు థీము మార్చినా బతికుంటాయి. ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకున్న డెవలపర్ల వల్ల నాకు నెలనెలా ఇంటద్దె గడుస్తోంది, నిజానికి వాళ్లకి దండం పెట్టాలి.

డ్యాష్‌బోర్డులో థీము కోడుని అక్కడికక్కడే మార్చే థీము ఫైల్ ఎడిటర్ అని ఒకటి ఉంటుంది. చిన్నపిల్లల చేతికి కత్తిపీట ఇచ్చినట్టు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైనుతో దాన్ని మూసేయొచ్చు. నా చేతికొచ్చిన ప్రతి సైటులోనూ నేను చేసే మొదటి పని అదే. కొందరు క్లయింట్లకు కోపం వస్తుంది. రానివ్వండి.

2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు బీ2 అనే పాత బ్లాగింగ్ కోడు తీసుకుని వర్డ్‌ప్రెస్‌ని మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే, 1.2 వెర్షన్‌లో, హుక్స్ వచ్చాయి. అంటే అసలు కోడు ముట్టుకోకుండా మార్పులు చేసుకునే దారి ఇరవై ఏళ్ల నుంచీ ఉంది. యాక్షన్ అంటే "ఈ చోటికి రాగానే నన్నో కేకెయ్యి" అని చెప్పిపెట్టడం. ఫిల్టర్ అంటే "ఈ సరుకు బయటికి వెళ్లేముందు ఒకసారి నా చేతికివ్వు, సర్ది ఇస్తా" అనడం. ఈ రెండు వాక్యాలు అర్థమైతే వర్డ్‌ప్రెస్‌లో సగం వచ్చేసినట్టే. మిగతా సగం క్యాష్, అంటే వేగం కోసం దాచిపెట్టుకునే పాత కాపీ. బ్రౌజర్‌లో ఒక క్యాష్, ప్లగిన్‌ది ఒకటి, సర్వర్‌ది ఒకటి, సీడీఎన్‌ది (చోటుచోటా కాపీలు పెట్టి పంచే సర్వర్లది) ఇంకోటి. మనం మార్చింది ఏ పొర కింద ఇరుక్కుందో తెలుసుకోవడానికే ఒక పూట పోతుంది.

ఈమధ్య కొత్త తలనొప్పి ఒకటి తోడైంది. ఏఐని అడిగి కోడు తెచ్చి పేస్ట్ చేస్తున్నారు. అడగొద్దని అనను, నేనూ అడుగుతాను. కానీ అది ఒక్కోసారి లేని హుక్ పేరును ఎంతో నమ్మకంగా రాసిచ్చేస్తుంది. లేని హుక్‌కి మీ ఫంక్షన్ తగిలిస్తే వర్డ్‌ప్రెస్ ఒక్క ముక్క కూడా అనదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. ఎవరూ రాని స్టేషన్లో పూలదండ పట్టుకుని నిలబడ్డట్టు మీ కోడు అలా నిలబడి ఉంటుంది. మొన్నొక కుర్రాడు ఇలాంటి దానిమీద రెండు రోజులు కొట్టుకున్నాడు. వర్డ్‌ప్రెస్ సొంత (కోర్) ఫైళ్లలో ఆ పేరు వెతికితే తేలిపోయేది. వెతకాలని తట్టాలిగా.

నేనేదో శుద్ధపూసనని కాదు. కొత్తలో ఒక స్కూలు సైటుకి సెక్యూరిటీ సర్టిఫికెట్ వేసి, హెచ్‌టీటీపీ ఉన్నచోటల్లా హెచ్‌టీటీపీఎస్ చేద్దామని డేటాబేసులో తిన్నగా ఒక క్వెరీ కొట్టేశాను. విడ్జెట్లు మాయం, థీము సెట్టింగులు మాయం. కారణం ఏంటంటే, వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులని సీరియలైజ్ చేసి దాస్తుంది. ప్రతి మాట పక్కన అది ఎన్ని బైట్లో అంకె వేసి ఉంటుంది. నేను ఒక్క అక్షరం చేర్చాను, అంకె పాతదే ఉంది. లెక్క తప్పడంతో ఆ మూట విప్పడం దానికి చేతకాలేదు. బ్యాకప్ ఉంది కాబట్టి పరువు దక్కింది. ఈ లెక్క చూసుకునే కమాండు డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే పనిముట్టు) ఉందని ఆ రాత్రే తెలిసింది.

వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ, దాని గోల కూడా ఒక ముక్కలో చెప్పేస్తా. 7.4కి 2022 నవంబరుతో కాలం చెల్లింది. హోస్టింగ్ వాళ్లు 8కి మారుస్తున్నామని మెయిలు పంపుతారు, ఎవరూ చదవరు. పాత ప్లగిన్లలో వాడిన కొన్ని ఫంక్షన్లు 8లో తీసేశారు. మళ్లీ తెల్ల పేజీ, మళ్లీ "ఎవరూ ముట్టుకోలేదండి".

సరే, ఇప్పుడు అసలు నన్ను మండించే సంగతి. తెలుగు సైట్లు కట్టేవాళ్లు తెలుగులో పెట్టి చూడరు. ఇంగ్లీషు డెమో చూపించి, బాగుందనిపించుకుని, డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. తర్వాత మొదలవుతుంది సినిమా.

ముందు హెడ్డింగులు. థీములు చేసేవాళ్లు రోమన్ అక్షరాలకి సరిపోయేలా లైన్‌హైట్ (లైను ఎత్తు) 1.2 పెడతారు. మన 'రాష్ట్రం' తీసుకోండి, ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు. పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి, లేదా కిందభాగం కోసుకుపోతుంది. 'రాష్ట్రం' కాస్తా కాళ్లు నరికిన బొమ్మలా ఉంటుంది. చైల్డ్ థీములో 1.6 అని ఒక్క లైను రాస్తే చాలు. స్టైలు కోసం అక్షరాలు దగ్గరికి లాగే లెటర్ స్పేసింగ్ పెట్టి ఉంటే అదీ పీకేయండి. ఫాంట్ల కొరత అనే సాకు కూడా ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

తర్వాత హోమ్ పేజీలో వార్త మొదటి ముక్క చూపించడం. మన డెవలపరు బైట్లు లెక్కపెట్టి కోసేస్తాడు. తెలుగులో ప్రతి కోడ్‌పాయింటు (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, దేనికది ఒకటి) మూడు బైట్లు. మధ్యలో కత్తి పడితే చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం గుర్తు వస్తుంది. ఇంకొంచెం తెలిసినవాడు అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షన్ వాడతాడు, అప్పుడు 'ముఖ్యమంత్రి' కాస్తా 'ముఖ్' దగ్గర ఆగిపోతాడు. మాటల లెక్కన కోసే ఫంక్షన్ వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది కదరా నాయనా, దాన్నెందుకు వాడవు?

డేటాబేసు తరలించేటప్పుడు క్యారెక్టర్ సెట్ (ఏ బైట్లని ఏ అక్షరంగా చదవాలో చెప్పే పట్టిక) తప్పిస్తే ఇంకో ముచ్చట. వార్తంతా నెత్తిన గీత పెట్టుకున్న రోమన్ 'a'లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు. క్లయింటు వైరస్ అనుకుని ఏడుస్తాడు. వైరస్ కాదు. యూటీఎఫ్-8 అనే పట్టికలో తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండిట్లో ఒకటి. వాటిని లాటిన్-1 అనే పాత రోమన్ పట్టిక అనుకుని చదివితే అచ్చం ఆ గుర్తులే వస్తాయి. అంటే అక్షరాలు భద్రంగా ఉన్నాయి, చదివే కళ్లద్దాలు మారాయి. ఆ చెత్త చూడగానే నాకు ప్రాణం లేచొస్తుంది. నిజంగా భయపడాల్సింది అన్నీ ప్రశ్నార్థకాలే కనిపించినప్పుడు. ఆ అక్షరాలు ఇక తిరిగి రావు.

ఇవన్నీ ఒక ఎత్తు, స్లగ్ (పోస్టు అడ్రసు చివర ఉండే పేరు) ఒక ఎత్తు. డేటాబేసులో దాన్ని దాచే కాలమ్ వెడల్పు 200 స్థానాలు. తెలుగు పేరు అలాగే వదిలేస్తే ఒక్కో కోడ్‌పాయింటు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది స్థానాలు తింటుంది. 200ని 9తో భాగించండి, ఇరవై రెండు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ లెక్కే. "పోలవరం ప్రాజెక్టు పనులు మళ్లీ నిలిచాయి" అని వార్త రాశారనుకోండి. అడ్రసులో "పోలవరం ప్రాజెక్టు పనులు" వరకే పడుతుంది. చేతికి లెక్కేసి చూశాను, ఆ మూడు మాటలకే 191 అయిపోతుంది. మర్నాడు "పోలవరం ప్రాజెక్టు పనులు వేగం పుంజుకున్నాయి" అని రాస్తే, అదే అడ్రసు, చివర 2 అంకె. నిలిచినా పుంజుకున్నా అడ్రసుకి ఒకటే. పైగా ఆ లింకు వాట్సాప్‌లో పంపితే ఒక్కోచోట శాతం గుర్తుల దండకంలా కనిపిస్తుంది. స్లగ్ మాత్రం రోమన్‌లో, చేత్తో, నాలుగు మాటల్లో రాసుకోమని నేను చెబుతాను. తెలుగు భాషాభిమానులు తిట్టుకోండి. నాదీ తెలుగే, కానీ కాలమ్ నా మాట వినదు.

తణుకు పెద్దాయన సైటులో ఇవన్నీ ఉన్నాయి. వాటికి మందుగా ముప్ఫై ఎనిమిది ప్లగిన్లు కూడా ఉన్నాయి. ఫాంటు మార్చడానికి ఒకటి, ఫుటర్‌లో ఏడాది అంకె మార్చడానికి ఒకటి, వేగం కోసం మూడు. వేగం కోసం మూడు! ఎక్కడో డబ్బు కట్టాల్సిన ప్లగిన్ ఒకటి ఉచితంగా దింపి పెట్టారు. తెరిచి చూస్తే లోపల బేస్64లో (మనిషి చదవలేని అక్షరాల మూటగా) చుట్టిన కోడు, ఎటో ఫోను చేస్తోంది. అది తీసి అవతల పారేశాను. ఫలితాల హడావుడి తగ్గాక ఆ నెలంతా కూర్చుని పదకొండుకి తెచ్చాను. బిల్లు చూసి పెద్దాయన "ఆ కుర్రాడు సైటు మొత్తం ఎనిమిది వేలకే కట్టాడండి" అన్నారు. నేనేమంటాను?

ఒక్క ముక్క మిగిలిపోయింది. 2019లో వచ్చిన 5.2 నుంచి, ఇలాంటి ఎర్రర్ వచ్చి అడ్మిన్ పేజీ కూడా తెరుచుకోకపోతే, ఏ ప్లగిన్ పాడైందో చెబుతూ, లోపలికి రావడానికి ప్రత్యేకమైన లింకుతో అడ్మిన్ అడ్రసుకి మెయిలు వెళ్తుంది. ఆ రోజూ వెళ్లింది. పొద్దున్న ఆరింటికే, ఎవరినీ పిలవకుండా బాగుచేసుకునే మందు సైటే పంపింది. కాకపోతే సెట్టింగుల్లో ఉన్నది పాత కుర్రాడి మెయిలు. ఆ కుర్రాడు ఫోన్ నంబరు మార్చి మూడేళ్లయింది.

"మీ మెయిలు చెప్పండి సార్, మారుస్తాను" అన్నాను.

"మెయిలా? అవన్నీ మా అబ్బాయి చూసుకుంటాడండి. డాలస్‌లో ఉంటాడండి."

అదే పెట్టాను. ఇక తణుకులో సైటు పడితే ముందు డాలస్‌లో ఫోను మోగుతుంది. ఇక్కడ పొద్దున్న ఆరుంబావంటే వేసవిలో అక్కడ ముందురోజు రాత్రి ఏడుమ్ముప్పావు, ఆ అబ్బాయి మేలుకునే ఉంటాడు.