తెలుగు పోస్టరుకు పాఠమేది?

డిజైన్ మూలసూత్రాల మీద వచ్చిన ఓ వ్యాసం చదివి రాస్తున్న మాట ఇది. డిజైన్ కొత్తగా నేర్చుకునేవారికి కాంట్రాస్ట్ (తేడా కొట్టొచ్చినట్టు చూపడం), అమరిక, ఖాళీ జాగా, ప్రాధాన్యక్రమం (ముందు ఏది కంటపడాలన్నది) గురించి అందులో బాగానే చెప్పారు. కానీ ఉదాహరణలన్నీ ఇంగ్లిషు అక్షరాలవే. తెలుగు పోస్టరు ముందు కూర్చున్నవారికి అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

శీర్షిక కొట్టొచ్చినట్టు కనిపించాలంటే ఇంగ్లిషులో క్యాపిటల్ అక్షరాలు వేసేస్తారు. మనకు ఆ వెసులుబాటు లేదు. పరిమాణం, మందం, రంగు, చుట్టూ వదిలే జాగా, వీటితోనే నెట్టుకురావాలి. ఇటాలిక్ (పక్కకు వాలిన అక్షరాల) సంగతి చెప్పనే అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా పక్కకు వాల్చిన తెలుగు అక్షరం ఈదురుగాలికి ఒరిగిన కరెంటు స్తంభంలా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వరుసల మధ్య ఎడం, అంటే ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగు దాకా ఉండే దూరం. దీన్నీ అక్షరాల పరిమాణాన్నీ పాయింట్లలో కొలుస్తారు. చాలా పేజీ సాఫ్ట్‌వేర్లు 10 పాయింట్ల అక్షరానికి తమంతట తాము 12 పాయింట్ల ఎడం ఇస్తాయి. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. పై వరుసలో ‘రాష్ట్రం’, దాని కిందే ‘కీర్తి’ పడ్డాయనుకోండి, పైదాని ఒత్తులు దిగివచ్చి కిందిదాని గుడిని ఢీకొంటాయి. ఫాంటును బట్టి 14, 15 పాయింట్లైనా ఇవ్వాలి. రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి, వేసి చూసుకోవచ్చు.

మన ఫ్లెక్సీలలో ఎరుపు మీద నీలం అక్షరాలు, చుట్టూ పాతిక ముఖాలు! ప్రాధాన్యక్రమం పాఠం ముందు ఆ ముఖాల యజమానులకే చెప్పాలి, డిజైనరు పాపం ఏం చేస్తాడు? ఆ వ్యాసానికి రెండో భాగం రాస్తే ఒక్క తెలుగు కరపత్రాన్నైనా విడమరచి చూపించండి.