ఆకలికి చచ్చే క్రిమి కాదిది

"చక్కెర మానండి, ఐరన్ మాత్రలు ఆపండి. ట్రైకోమోనాస్ క్రిమి తిండి లేక పది రోజుల్లో చస్తుంది, మందులతో పనిలేదు." తెల్లబట్ట గురించి ఎవరైనా అడిగితే చాలు, ఈ మెసేజ్ తెచ్చి పెడుతున్నారు. క్రిమి పేరు మటుకు సరిగ్గానే రాశారు, కలయిక ద్వారా అంటుకునే ఒంటికణం పరాన్నజీవి ఇది. మిగతాదంతా తిరకాసే.

ముందు చక్కెర సంగతి. ఈ క్రిమి బతికేది మీ కాఫీలో పంచదార మీద కాదు. యోని గోడ కణాల్లోనే గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న చక్కెర) నిల్వ ఉంటుంది, దాన్ని నింపేది ముఖ్యంగా ఈస్ట్రోజెన్ హార్మోన్. స్వీట్లు మానేస్తే ఆ నిల్వ ఖాళీ అయిపోదు. (షుగర్ జబ్బున్నవాళ్లు తీపి తగ్గించుకోవడం వేరే లెక్క, ఆ పథ్యం ఆపొద్దు.)

పోనీ, గ్లూకోజ్ తగ్గిందే అనుకుందాం. ఆ పని ల్యాబుల్లో చేసి చూశారు. గ్లూకోజ్ కరువులో పెంచిన ట్రైకోమోనాస్‌లో ప్రొటీన్లను కోసే సిస్టీన్ ప్రొటియేజ్ ఎంజైముల చురుకు పెరిగింది. టీవీసీపీ2 అనేది వాటిలో ఒకటి. ఆ క్రిముల్ని హీలా కణాల (ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు) మీద వదిలితే, కడుపు నిండినవాటికంటే ఎక్కువ కణాల్ని పాడుచేశాయి. పస్తు పెడితే నీరసపడలేదు, కత్తి నూరుకుంది. పైగా దాని దగ్గర సొంత గ్లైకోజెన్ నిల్వ ఉంది. అర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి శక్తి లాక్కునే దారి ఇంకొకటి ఉంది.

సెలైన్ చుక్కలో, మైక్రోస్కోపు కింద దీన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. తెల్లరక్తకణమంత సైజు, బేరిపండు ఆకారం, ముందు కొరడాల్లాంటి నాలుగు తంతువులు, పక్కన అలలా కదిలే పొర. కుదుపుతూ తిరుగుతుంటుంది. మన కణం తగిలిందా, అట్టులా పరుచుకుని అతుక్కుంటుంది. బాక్టీరియాను మింగుతుంది, ఎర్రరక్తకణాల్ని పగలగొడుతుంది. డీఎన్ఏకి కావాల్సిన ప్యూరిన్లు సొంతంగా చేసుకోలేదు, అన్నీ మన దగ్గర దోచుకోవాల్సిందే. అంత దోపిడీకి అలవాటుపడ్డదాన్ని ఉపవాసంతో బెదిరిస్తామా?

ఇక ఇనుము. మెసేజ్‌లో సగం నిజం ఇక్కడే ఉంది. ఇనుము బాగా దొరికితే ఏపీ65 లాంటి అతుక్కునే ప్రొటీన్లు పెరుగుతాయి. నెలసరి సమయంలో, ఆ వెంటనే బాధ ఎక్కువవడానికి దీన్నొక కారణంగా చెబుతారు. కానీ ఇనుము తగ్గినప్పుడు కణాల్ని చంపే సీపీ65 లాంటి ఎంజైములు పెరుగుతాయి. ఒకటి దించితే ఇంకొకటి లేస్తుంది. దానికి కావాల్సిన ఇనుము మన ఒంట్లో ఇనుమును పట్టి ఉంచే లాక్టోఫెరిన్ ప్రొటీన్ నుంచీ, హిమోగ్లోబిన్ నుంచీ లాక్కుంటుంది. మీ మాత్ర ఆపితే దెబ్బ తగిలేది మీ రక్తానికే. దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 లెక్క. గర్భిణికి ఐరన్ ఆపమని చెప్పడం దుర్మార్గం.

ఇంకో తమాషా. దీనికి డాక్టర్లు ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్ర క్రిమిలోకి వెళ్లాకే విషమవుతుంది. హైడ్రోజెనోసోమ్ అనే దాని చిన్న సంచుల్లో ఫెర్రెడాక్సిన్ అనే ప్రొటీన్ ఆ మందును నిద్ర లేపుతుంది. ఫెర్రెడాక్సిన్‌లో ఉండేది ఇనుమే! ఇనుము కరువులో క్రిమి తగ్గించుకునే ప్రొటీన్లలో అదీ ఒకటి. అంటే ఇనుము కరువైతే మందును నిద్ర లేపేదే తగ్గిపోతుందన్నమాట.

"పది రోజుల్లో చస్తుంది" అనేదానికి జవాబు సులువు. ఈ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో చాలామందికి అసలు లక్షణాలే ఉండవు. మంట తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు. ఆడవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో సూచించిన మోతాదు మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. మీకు ఎంతో మీ డాక్టరే చెప్పాలి. భర్తకూ అదే సమయంలో మందు పడాలి, ఇద్దరికీ నయమయ్యేదాకా కలవకూడదు. లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఆ మెసేజ్‌లో భర్త ఊసే లేదు.